ఆరో రక్షకుడి మొహం

మెదక్‌లో గోడ మీద కొత్త బొమ్మ కనిపిస్తే జనం ముందుగా అడిగే మాట ఒకటే: "గిది ఎవర్ని చూసి గీసిండు?" బొమ్మ బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఊరికి ఈ జబ్బు అంటించినవాడు ఆర్టిస్ట్ ఎబినేజర్. యాభై ఎనిమిదేళ్ల మనిషి. బక్కగా, పొడుగ్గా, జేబులో రెండు పెన్సిళ్లతో, మోచేతుల దాకా ఎండిన రంగుతో తిరుగుతుంటాడు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు కూడా గోళ్ల సందుల్లో ఎరుపో నీలమో కనిపిస్తుంది. భార్య దానమ్మ కిరోసిన్ గుడ్డ పట్టుకుని వెంటపడితే, "ఉండనియ్యి, దేవునికి గుర్తువట్టుడు సుకరమైతది" అంటాడు.

పదహారో ఏట సినిమా టాకీసుకు బ్యానర్లు గీసే రఘుపతి ఉస్తాద్ దగ్గర బ్రష్ పట్టాడు. ఉస్తాద్ నేర్పినవి తక్కువ, తిట్టినవి ఎక్కువ. నేర్పినవాటిలో ఒకటి మాత్రం ఎముకల్లో దిగిపోయింది. "కండ్లు పుస్తకంలకెంచి తియ్యకు బిడ్డా, మనిషిలకెంచి తియ్యి. గప్పుడే బొమ్మకు పానమొస్తది" అనేవాడు రఘుపతి. అప్పటినుంచి ఎబినేజర్ ఏ మొహం గీయాలన్నా బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాయ్ తాగించి, గంటసేపు చూసి గీస్తాడు. ఊహించి గీసిన మొహం తన జన్మలో ఒక్కటి కూడా లేదని ఊరంతా చెప్పుకున్నాడు. చూసి గీశాక ఆ మొహంలో ఒక్క గీత కూడా మార్చడు. బట్టలు మాత్రం పని ఇచ్చినవాళ్లు చెప్పినట్టు తొడుగుతాడు.

పోలియో చుక్కల గోడ మీద బిడ్డనెత్తుకున్న తల్లి కూరగాయల కమలమ్మ. బోనాలకు గీసిన పోతరాజు బస్ డిపోలో కండక్టర్. క్రిస్మస్ నాటకానికి గీసిన పరదా మీద ముగ్గురు జ్ఞానుల్లో నడిమివాడు కిరాణా దుకాణం సేటు. జ్ఞాని అయిన సంబరంలో ఆయన వారం రోజులు తూకం సరిగ్గా వేశాడని చెప్పుకుంటారు.

ఒక్కసారి మాత్రం తేడా కొట్టింది. శివ్వంపేట నుంచి కూలికొచ్చిన సాయిలు అనేవాణ్ణి కూర్చోబెట్టి, గుట్కా తింటే క్యాన్సర్ వస్తుందనే గోడ మీద అతని మొహం గీశాడు. దవడ పుండు రంగు బాగా కుదిరింది. సాయిలుకు గుట్కా అలవాటే లేదు. అయినా హోటల్లో అతనికి విడిగా గ్లాసు పెట్టడం మొదలైంది. కుదరబోయిన పిల్ల సంబంధం చెడిపోయింది. చివరికి తూప్రాన్ దిక్కు వెళ్లిపోయాడు. దానమ్మ చాలాసార్లు దెప్పింది. "గోడ మీద గీస్తే నిజమైతదా? జనానికి బుద్ధి లేకపోతే నేనేం జేస్త" అని ఎబినేజర్ నవ్వేశాడు. మాదీ అదే ఊరు, ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు. దెబ్బ తగిలింది ఇంకొకరికైతే నవ్వడం ఎవరికైనా వస్తుంది.

ఫ్లెక్సీలు వచ్చాక గోడల పని సన్నగిల్లింది. ఉన్న బొమ్మల మీద ఏటా ఎవరో ఒకరు సున్నం కొట్టేవారు. నలభై ఏళ్ల పనికి గుర్తుగా చూపించుకోవడానికి ఒక్క బొమ్మా మిగలదేమోనని అతనికి లోపల దిగులుగా ఉండేది. సరిగ్గా ఆ దిగులు మీదే వచ్చి పడింది పుస్తకం పని.

మదన్ మోహన్ వ్యవసాయం నుంచి రియల్ ఎస్టేట్‌లోకి, అక్కణ్ణుంచి ప్రైవేటు బడిలోకి, ఇప్పుడు మున్సిపల్ ఎన్నికల దాకా వచ్చిన ఆసామి. పంద్రాగస్టుకు బడిపిల్లలందరికీ బొమ్మల పుస్తకం పంచాలని ఆయనకు తోచింది. కథ రాసింది ఆ బడిలో సోషల్ చెప్పే ఉదయ్ కుమార్. పేరు 'ఏడుగురు రక్షకులు'. రాష్ట్రానికొక వీరుడు చొప్పున ఏడుగురు కలిసి దేశాన్ని కాపాడతారు.

"పంజాబాయనకు పాగా, పెద్ద నవ్వు, చేతిల లస్సీ గ్లాసు," అని చదివాడు ఉదయ్ కుమార్. "తమిళాయనకు విబూది, లెక్కలల్ల తోపు. బెంగాలాయన పుస్తకాల పురుగు. రాజస్థానాయనకు మీసాలు, ఒంటె. మలయాళాయనకు పడవ. ఆరోడు ఈశాన్యం కొండలల్లకెంచి వస్తడు, బాణం ఏస్తడు. ఏడోడు మన తెలుగోడు, లీడర్."

"తెలుగోనికి గుర్తేంది సార్?" అని అడిగాడు ఎబినేజర్.

ఉదయ్ కుమార్ కాగితాలు తిరగేశాడు. "మనకు గుర్తెందుకు? మనం మామూలుగ ఉంటం గదా."

అది అందరికీ సబబుగానే తోచింది. లస్సీ గ్లాసు వదలకుండా పంజాబీ యుద్ధమెలా చేస్తాడని ఒక్కరూ అడగలేదు. తెలుగు వీరుడి మొహానికి మదన్ మోహన్ కొడుకు వంశీ కూర్చున్నాడు. జిమ్ముకు పోయే కుర్రాడు, గంటసేపు ఛాతీ దించకుండా ఓపిగ్గా కూర్చున్నాడు.

ఆరోవాడి కోసం ఎబినేజర్‌కు వెతుకులాట లేదు. బస్టాండు పక్కన నూడుల్స్ బండి పెట్టే లాల్‌రింపుయా ఉన్నాడు కదా. మిజోరం మనిషి. హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేసి, పదకొండేళ్ల కింద మెదక్ వచ్చాడు. పేరు నోరు తిరగక ఊరు అతన్ని లాలు చేసింది. భార్య హైదరాబాద్‌లో పార్లర్‌లో పని చేస్తూ వారానికోసారి వస్తుంది. ఎనిమిదేళ్ల కూతురు రూతు మదన్ మోహన్ బడిలోనే మూడో తరగతి. ఆదివారం తండ్రీకూతుళ్లు చర్చిలో ఎబినేజర్ వెనక వరసలో కూర్చుంటారు. పాత తెలుగు కీర్తనలు సగం అర్థం కాకపోయినా రాగం తప్పకుండా పాడతాడు లాలు.

"నన్ను గీస్తవా అన్నా? నిజంగ?" అన్నాడు. ఆ రోజు బండి మూసేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గంటన్నర కదలకుండా కూర్చున్నాడు. మధ్యలో ఒక్కటే మాట: "నన్ను ఈడ అందరు నేపాలీ అంటరు, చైనా అంటరు. నీ పుస్తకం చూస్తె ఇండియా అని తెలుస్తది గదా."

"తెల్వకుండ ఎట్లుంటది? నువ్వు ఆరో రక్షకునివి" అన్నాడు ఎబినేజర్. ఆ క్షణాన అది అబద్ధం కాదు.

బొమ్మలు తీసుకుపోయి చూపిస్తే మదన్ మోహన్ అన్నీ మెచ్చుకుని ఆరోదాని దగ్గర ఆగాడు. "ఎబినేజరూ, గీనె ఎవరో మన పోరగాండ్లకు తెల్వది. గీన్ని తీసేసి హర్యానా పహిల్వాన్‌ను పెట్టు. గని మొహం మాత్రం మస్తున్నది. విలన్‌కు పెట్టు."

విలన్ పేరు డ్రాగనాసురుడు. మంచు కొండల అవతలి నుంచి వచ్చి, మన పిల్లల్ని గోనెసంచిలో వేసుకుని ఎత్తుకుపోతాడు.

"సార్, ఆయన మనోడే. మన దేశపోడు."

"ఎవడు గాదన్నడు? బొమ్మనేనాయె. నువ్వు చైనోన్ని యాడికెంచి పట్కొస్తవ్ మరి? చూడకుండ గీయవైతివి."

ఎబినేజర్ బొమ్మలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. కాదంటే పుస్తకం ఇంకొకడికి పోతుంది. మొదటి పేజీలో 'బొమ్మలు: ఎబినేజర్' అని అచ్చులో పడబోతోంది, దాని మీద ఏ మున్సిపాలిటీ సున్నం కొట్టలేదు. ఆ ఆశ ముందు లాలు ఇస్త్రీ చొక్కా ఓడిపోయింది. విల్లు తుడిచేసి గోనెసంచి పెట్టాడు. కొండల మనుషుల శాలువా తీసి నల్లకోటు తొడిగాడు. మొహం ముట్టుకోలేదు.

"ఓ మీసమన్న పెట్టకపోయినవా, గుర్తువట్టకపోదురు" అంది దానమ్మ.

"చూసి గీసినంక మొహం మార్చుతనా? ఉస్తాద్ ఏం నేర్పిండు?"

"ఉస్తాద్ కోటు మార్చమని నేర్పిండా?"

ఎబినేజర్ కోటు గుండీలు దిద్దుతూ కూర్చున్నాడు. మొహం అలాగే ఉంచితే తాను ఇంకా నిజాయితీగా ఉన్నట్టు అతనికి అనిపించింది. మనిషి తనను తాను మోసం చేసుకునేటప్పుడు నీతిని ఎంత బాగా వాడుకుంటాడో చూడండి.

పంద్రాగస్టు నాడు ఊళ్లోని బడులన్నింటిలో పుస్తకాలు పంచారు. వారం తిరక్కుండా వంశీ బైకు మీద పోతుంటే పిల్లలు "లీడరన్నా" అని అరవడం, వాడు చెయ్యి ఊపడం మామూలైంది. వాడి వెంట తిరిగే నలుగురు కుర్రాళ్లు తమకు తామే రక్షకులని ఓ వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఇటు బస్టాండు దగ్గర పిల్లలు నూడుల్స్ బండిని దూరం నుంచి చూసి "డ్రాగన్, డ్రాగన్" అని అరిచి పరుగెత్తేవారు. లాలు వాళ్లకు నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. వీరుడి పేరు అదేననుకుని, తనను గుర్తుపట్టి కేకలేస్తున్నారనుకున్నాడు.

"అన్నా, నాకొక పుస్తకం ఈయవా? రూతును అడిగితె బడిల అయిపోయినయ్ అన్నది" అని వారం వారం చర్చి మెట్ల మీద అడిగేవాడు.

"మల్ల అచ్చేస్తరు, గప్పుడిస్త" అనేవాడు ఎబినేజర్. పిల్లకు పుస్తకం అందలేదేమో, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు.

ఓ మధ్యాహ్నం రూతు బడి నుంచి నేరుగా అతని దుకాణానికి వచ్చింది. జడ సగం ఊడిపోయి ఉంది. సంచిలోంచి పుస్తకం తీసింది. అట్ట మీద వేరే పుస్తకం అట్ట వేసి దాచుకుంది. విలన్ ఉన్న పేజీ తెరిచి ఎబినేజర్ ముందు పెట్టింది.

"అంకుల్, రెండో పుస్తకం వస్తదట గదా, దాంట్ల మా నాన్న మంచిగ మారతడా?"

ఎబినేజర్ పేజీ మీద అరచెయ్యి పెట్టాడు. "ఎందుకు బిడ్డా?"

"అంకిత నా పక్కన కూసుంటలేదు. వాళ్లమ్మ కూసోవద్దన్నదట. మా నాన్నకు నేను చెప్పలే. ఆయన ఆరో రక్షకుడు అనుకుంటుండు. మీరు జల్ది మార్చుండ్రి. ఆయన చూడకముందే మార్చుండ్రి."

అంత చిన్న పిల్ల అంత పెద్ద మాట మోస్తుంటే, తన పేరు అచ్చులో పడిందని మురిసిన ముసలివాడికి సిగ్గేసింది. "మారుస్త బిడ్డా, ఒట్టు" అన్నాడు. ఆ సాయంత్రమే మదన్ మోహన్ దగ్గరకు పోయాడు. మిగిలిన పుస్తకాలు ఆపమన్నాడు, రెండో పుస్తకంలో అసలు ఆరోవాణ్ణి పెట్టి కథ సరిచేద్దామన్నాడు.

మదన్ మోహన్ ఓపిగ్గానే విన్నాడు. "నువ్వు పరేషాన్ గాకు. పోరగాండ్ల పుస్తకం అది. గిప్పుడు మార్చితె తప్పు జేసినమని మనమే ఒప్పుకున్నట్లుంటది. ఎలక్షన్ల ముంగట లొల్లి వద్దు."

అక్కడితో ఊరుకోకుండా లాలుకు ఉన్నదున్నట్టు చెప్పాల్సింది. చర్చి ఫాదర్‌తో చెప్పి ఆదివారం సభలో నాలుగు మాటలు మాట్లాడాల్సింది. దానమ్మ అదే చెప్పింది. ఒక ఆదివారం ఎబినేజర్ లేచి నిలబడ్డాడు కూడా. వెనక వరసలోంచి లాలు పాట వినిపించింది. మళ్లీ కూర్చున్నాడు. వచ్చే వారం చెబుదామనుకున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకునేది ఇలాగే.

సెప్టెంబరు నడిమిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఫోన్లలో వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. తూప్రాన్ దగ్గర హైవే మీద వ్యాన్ దొరికిందని ఒకడు, సంచుల్లో పిల్లలున్నారని ఇంకొకడు. పోలీసులు ఇవన్నీ పుకార్లని మైకులో చెప్పించారు. మైకు పోయిన దారినే పుకారూ తిరిగొచ్చింది. వంశీ గ్రూపులో ఆ మెసేజ్ కింద ఎవరో పుస్తకంలోని పేజీ ఫొటో తీసి పెట్టారు. ఎబినేజర్ ఫోన్‌కు అది మూడు గ్రూపుల నుంచి వచ్చింది. చివరిదాంట్లో తన పేరూ లేదు, పుస్తకం పేరూ లేదు. ఒట్టి మొహం, గోనెసంచి మాత్రం ఉన్నాయి. కింద 'ఇలాంటి వ్యక్తి కనిపిస్తే వదలొద్దు' అని ఉంది.

అప్పుడు అతనికి నిజంగా భయమేసింది. చేతిలో పని వదిలేసి బస్టాండుకు బయల్దేరాడు. లాలుతో బండి మూయించి, తండ్రీకూతుళ్లను ఆ పూటే హైదరాబాద్ బస్సెక్కించాలి. అన్నీ చెప్పేయాలి. తిడితే పడాలి, కొడితే తినాలి.

అతను చేరేసరికే బండి చుట్టూ జనం. సంగతి ఏమంటే, సంత రోజు కావడంతో బస్టాండులో ఒక పిల్లవాడు తల్లి చెయ్యి వదిలి తప్పిపోయి ఏడుస్తున్నాడు. లాలు వాణ్ణి ఊరుకోబెట్టి, చెయ్యి పట్టుకుని తల్లిని వెతకడానికి ప్లాట్‌ఫారం వైపు నడిచాడు. పది అడుగులు కూడా వేయలేదు. కూరగాయల కమలమ్మ దగ్గర బేరమాడుతున్న పిల్లవాడి తల్లి తలెత్తి చూసి కెవ్వుమంది. పిల్లవాడు ఇప్పుడు తల్లి చంకలో ఉన్నాడు. లాలు చొక్కా కాలరు వంశీ చేతిలో ఉంది.

"జరుగుండ్రి! ఆయన నాకు తెలుసు! మన చర్చికొస్తడు, పదకొండేండ్ల సంది ఈడనే ఉంటుండు" అని ఎబినేజర్ గుంపును చీల్చుకుని లోపలికి పోయాడు.

అతన్ని చూడగానే లాలు మొహం విప్పారింది. పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా నవ్వాడు. "ఈ అన్ననే నన్ను గీసిండు. ఈయన్ని అడుగుండ్రి. నేను పుస్తకంల ఉన్న. రక్షకున్ని!"

గుంపులో గుసగుస లేచింది. ఎవరో ఫోన్ పైకెత్తి ఆ పేజీ చూపించారు. "గిదేనా నువ్వు గీసింది?"

ఎబినేజర్ లాలు వైపు చూడలేకపోయాడు. నలభై ఏళ్లలో ఎన్నడూ అనని మాట అన్నాడు. "అది ఊహించి గీసిన. ఎవ్వర్ని చూసి గీయలే. నా మనసుకొచ్చినట్లు గీసిన, ఆయనకూ దానికీ సంబంధం లేదు."

కూరగాయల కమలమ్మ ముందుకొచ్చింది. చెడ్డ మనిషి కాదు. కోపంగా కూడా లేదు. "అబద్ధమెందుకాడుతవ్ ఎబినేజరన్నా? నన్ను గంటసేపు కూసోబెట్టి గీయలేదా? నా చెంప మీది మచ్చ సుత గీసినవ్. చూడకుండ గీసిన మొహం ఊర్ల ఒక్కటి చూపెట్టు, వదిలేస్తరు."

ఎబినేజర్ చుట్టూ చూశాడు. డిపో గోడ, దవాఖాన గోడ, బడి గోడ. ఎటు చూసినా ఊళ్లో మనుషులే, ఉన్నది ఉన్నట్టుగా. ఒక్కటి కూడా చూపించలేకపోయాడు.

"మొహమే చూసి గీసిన!" అని అరిచాడు. "కోటు నేను తొడిగిన. సంచి నేను పెట్టిన. తప్పు నాది. ఆయన మంచోడు, ఆయన చేతిల విల్లుండె..."

"చూసే గీసిండట" అని ముందున్నవాళ్లు వెనకవాళ్లకు చెప్పారు. "చూసే గీసిండట" అని వెనకవాళ్లు ఇంకా వెనక్కి చెప్పారు. సంచి సంగతి, విల్లు సంగతి ఎవరూ అందించలేదు. "నిప్పు లేంది పొగొస్తదా" అన్నాడొక పెద్దమనిషి, సంత సంచీ కింద పెడుతూ.

వంశీ ఫోన్ అందుకుని లాలు కళ్ల ముందు పెట్టాడు. "చూడురా, నువ్వేనా గాదా?"

లాలు చూశాడు. తన కళ్లు, తన దవడ, నుదుటి మీద చిన్నప్పటి మచ్చ. నల్లకోటు, భుజాన గోనెసంచి, సంచిలోంచి బయటకొచ్చిన పసిపిల్ల చెయ్యి. చాలాసేపు చూశాడు. అంతవరకు విడిపించుకోవడానికి పెనుగులాడుతున్నవాడు పెనుగులాట మానేశాడు. తలెత్తి వంశీని చూడలేదు, గుంపును చూడలేదు. ఎబినేజర్‌ను చూశాడు.

"అన్నా," అన్నాడు మెల్లగా, "మా రూతు గిది చూసిందా?"

చూసిందని చెప్పడానికి ఎబినేజర్‌కు నోరు రాలేదు. చూడలేదని చెప్పడానికీ రాలేదు. వెనక నుంచి ఎవరో తోశారు. అతను బండి చక్రం మీద పడ్డాడు. లేచేసరికి అతనికీ లాలుకీ మధ్య వీపులు తప్ప ఏమీ కనిపించలేదు.